‘సైనికుల భోజనం’ పెట్టె: మోసినవాడు వేసిన మార్కులు

పెట్టె మీది బొమ్మ దగ్గరే నాకు పేచీ వచ్చింది. మంచుకొండ, దాని మీద జెండా, పక్కన రైఫిల్ పట్టుకున్న జవాను, కింద పెద్ద అక్షరాలతో ‘సరిహద్దు రుచి ఇప్పుడు మీ ఇంట్లో’. లోపల ఉన్నవేమో వండి రేకు సంచుల్లో కట్టిన ఉప్మా, కిచిడీ, రాజ్మా, వెజ్ పులావ్, ఆలూ మటర్, సూజీ హల్వా, చపాతీలు. తిండి అమ్ముకుంటూ తుపాకీ బొమ్మ వేయడమేంటో! వీపున మూటతో నడుం వంచి కొండెక్కే మనిషి బొమ్మ వేసుంటే ఒక మార్కు ఎక్కువిచ్చేవాణ్ణి.

కంపెనీ పేరు రాయడం లేదు. ఇలాంటి పెట్టెలు ఆన్‌లైన్‌లో ఇప్పుడు చాలామంది అమ్ముతున్నారు, పేర్లు వేరైనా సరుకు దాదాపు ఒకటే. మా చార్‌ధామ్ యాత్ర కోసమని అల్లుడు తెప్పించాడు. పది ప్యాకెట్లు, వాటిని మంట లేకుండా వేడిచేసే ఐదు హీటర్ సంచులు, మొత్తం 1,450 రూపాయలు. కొండ మీదికి వెళ్లాక విప్పి బాగోలేదంటే చేసేదేముంది, అందుకని కొన్ని ఇంట్లోనే తిని చూద్దామన్నాను. మా ఆవిడ ‘ఇంట్లో వంట ఉండగా ఇదేం తిండి’ అని సణిగింది గానీ ప్రతి ప్యాకెట్టూ రుచి చూసి తీర్పు చెప్పింది.

నా సంగతి ఒక ముక్క. మాది కంభం దగ్గర. ఆర్మీ సర్వీస్ కోర్‌లో, అంటే ఏఎస్సీలో చేసి హవల్దారుగా రిటైరయ్యాను. బియ్యం, పప్పు, పిండి, నూనె, కిరోసిన్, పెట్రోలు, లారీలు, కంచర గాడిదలు ఇవన్నీ మా కోర్ పనే. ‘సేవా అస్మాకం ధర్మః’ అనేది మా నినాదం. ఊళ్లో కొందరు ఇప్పటికీ ‘మిలిటరీలో వంట సామాను చూసేవాడంట కదా’ అంటారు, నేనూ కాదనను. కాబట్టి ఇలాంటి ప్యాకెట్ చేతికొస్తే నా నాలుక కంటే ముందు నా వీపు తీర్పు చెబుతుంది.

బరువుతో మొదలుపెడతాను. ఒక్కో ప్యాకెట్ మీద 300 గ్రాములని ఉంది, వంటింటి త్రాసులో రేకు సంచీతో కలిపి ఇంకాస్త ఎక్కువే తూగింది. అందులో సగానికి పైగా నీళ్లు. రవ్వగా పట్టుకెళ్తే గుప్పెడు సరుకు, ఉప్మాగా పట్టుకెళ్తే మూడింతలు. కొండెక్కేవాడికి ఇది నీళ్లు మోసినట్టే. అయినా నేను దీనికి మార్కులు కోయను. ఎందుకో అర్థం కావాలంటే 1999 కార్గిల్ యుద్ధం సంగతి చెప్పాలి.

ద్రాస్ ఊరే పదివేల అడుగుల పైన ఉంటుంది. తోలోలింగ్, టైగర్ హిల్ శిఖరాలు పదిహేను వేలు దాటతాయి. పాకిస్తాన్ వాళ్లు పైన బంకర్లలో, మనం కింద. శ్రీనగర్ నుంచి లేహ్ వెళ్లే రోడ్డు పైనున్నవాడికి అరచేతిలో ఉన్నట్టు కనిపించేది. పగలు బండి కదిలితే ఫిరంగి గుండు వచ్చి పడుతుంది, అందుకని రాత్రుళ్లు హెడ్‌లైట్లు ఆర్పేసి కాన్వాయ్‌లు నడిపేవాళ్లం. అది రోడ్డు సంగతి. రోడ్డు దిగాక పైనున్న కంపెనీలకు, అంటే మన జవాన్ల దళాలకు, తిండి చేర్చడం ఇంకో యుద్ధం.

పైన పొయ్యి రాజేయడానికి లేదు. పగలు పొగ, రాత్రి వెలుగు. రెంటిలో ఏది కనబడినా గుండు వెతుక్కుంటూ వస్తుంది. పైగా ఆ ఎత్తులో నీళ్లు 90 డిగ్రీలు కూడా వేడెక్కకుండానే మరిగిపోతాయి, కుక్కర్ లేకపోతే బియ్యం, పప్పు ఎంతసేపు పెట్టినా పలుకుగానే ఉంటాయి. అందుకని వంటంతా కింద, కొండ మరుగున లంగర్‌లో, అంటే సైన్యం వంటశాలలో. పూరీలు, నీరు లేకుండా వేయించిన ఆలూ, షక్కర్‌పారాలు. నూనెలో కాలినవి గనక రెండు రోజులైనా పాడవవు, చల్లగా తినొచ్చు. ఆ చలికి పైకెళ్లేసరికి పూరీ అప్పడంలా విరిగేది, విరిచి నోట్లో పెట్టుకుని నానాక నమిలేవాళ్లు. ఏ వంటైనా ముందు మేం అడిగే ప్రశ్నలు రెండే: మంట లేకుండా తినొచ్చా, పిట్టూలో, అంటే వీపు సంచీలో, కారకుండా ఉంటుందా. ఈ ప్యాకెట్ రెంటికీ అవునంటుంది. అందుకే బరువు క్షమించాను.

చీకటి పడ్డాక బయల్దేరతారు. కొంతదూరం ఖచ్చర్లు, మన భాషలో కంచర గాడిదలు. ఒక్కోటి డెబ్బై కిలోల దాకా మోస్తుంది, కాలు వేసే ముందు నేల చూసుకుంటుంది, మనిషి కంటే నయం. గాడిద అన్నానని నవ్వకండి. పెడోంగీ అని మా కోర్‌లో ఒక ఖచ్చర్ ఉండేది. 1971 యుద్ధంలో పాకిస్తాన్ వాళ్లకు చిక్కింది. వాళ్ల మెషిన్‌గన్, తూటా పెట్టెలు దాని వీపు మీద ఉండగానే తప్పించుకుని కొండలు దాటి మన వైపు వచ్చేసింది. మా కోర్‌లో రిక్రూట్ నుంచి జనరల్ దాకా ఆ పేరు తెలియనివాళ్లుండరు.

నిటారు రాళ్లు మొదలయ్యే చోట ఖచ్చర్ ఆగిపోతుంది. అక్కణ్ణుంచి మనిషి వీపే. పిట్టూలో పూరీల మూటలు, చేతిలో నీళ్ల జెర్రికేన్. పైన నీళ్లుండవు, మంచు కరిగించుకోవాలన్నా మంట కావాలి కదా. టార్చి వేయకూడదు, బీడీ ముట్టించకూడదు, దగ్గు వస్తే మఫ్లర్ నోట్లో కుక్కుకోవాలి. ముందున్నవాడి పిట్టూ పట్టీ పట్టుకుని ఒకడి వెనక ఒకడు. రైఫిల్ వీపునే ఉంటుంది, దాన్ని తీసే వీలు ఉండదు. మీద పడేది ఎక్కువగా ఫిరంగి గుండే, దానికి రైఫిల్‌తో జవాబు చెప్పేదేముంది? గుండు శబ్దం వినగానే ఉత్త చేతులతో ఉన్నవాడు దబ్బున పడుకుంటాడు. మూట ఉన్నవాడు పడుకుంటే దొర్లిపోతాడు, మూట వదిలేస్తే పైన వాళ్లు ఆ రాత్రికి పస్తు.

దాడికి వెళ్లే కంపెనీ ఒక శిఖరానికి ఒకసారి వెళుతుంది. మోసేవాడు అదే దారిలో రాత్రి తర్వాత రాత్రి ఎక్కి దిగుతూనే ఉండాలి. శత్రువు తుపాకుల వాళ్లకు ఆ దారి తెలుసు, ఏ మలుపు మీద గుండు వేస్తే ఎవరు దొరుకుతారో లెక్క వేసుకుని ఉంటారు. అది మనకీ తెలుసు. తెలిసీ మరుసటి రాత్రి మూట కట్టుకునేవాణ్ణి ఏమనాలి? నేను చూసిన వాళ్లలో ఎవరూ పెద్ద మాటలు మాట్లాడలేదు. ‘పైన మావాళ్లు నిన్నట్నుంచి తినలేదు’ అనేవాళ్లు, అంతే. తిరుగు ప్రయాణం కూడా ఖాళీగా ఉండదు. పైకి పూరీలు, తూటాలు మోసిన చేతులే కిందికి గాయపడ్డవాళ్లను, అంతకంటే బరువైనవాళ్లను మోసుకొచ్చేవి.

దాడికి ఎక్కే కుర్రాళ్లు తిండి తగ్గించుకుని ఆ బరువుకు తూటాలు నింపుకున్నారని మీరు టీవీలో వినే ఉంటారు. నిజమే. అయితే దాని అవతలి సగం ఎవరూ చెప్పరు. వాళ్లు తిండి వదిలి వెళ్లారంటే, వెనకాల ఇంకొకడు ఆ తిండి పట్టుకుని వస్తాడన్న నమ్మకంతోనే వదిలారు.

టైగర్ హిల్ మీద జులై 4న ఒంటి నిండా తూటాలు తగిలినా పోరాడి పరమవీర చక్ర అందుకున్న 18 గ్రెనేడియర్స్ పటాలం జవాను యోగేంద్ర సింగ్ యాదవ్‌కు అప్పటికి 19 ఏళ్లు. అంతకుముందు తోలోలింగ్ పోరు జరుగుతున్నప్పుడు తన పని పైనున్న వాళ్లకు రేషన్ మోయడమేనని ఆయనే ఇంటర్వ్యూల్లో చెప్పారు. అంత బరువుతో అన్నిసార్లు కొండెక్కిన దమ్ము చూసే ఘాతక్ ప్లటూన్‌లోకి, అంటే దాడిలో ముందుండే దళంలోకి, తీసుకున్నారట. టైగర్ హిల్ కథ అందరూ చెబుతారు, మూట కథ దగ్గరికొచ్చేసరికి రెండు వాక్యాల్లో దాటేస్తారు. అలాగే మన హైదరాబాద్ మేజర్ పద్మపాణి ఆచార్య, 2 రాజ్‌పుతానా రైఫిల్స్, జూన్ 28న ప్రాణాలిచ్చి మహావీర చక్ర పొందారు. ఆయన పేరు మనవాళ్లకు తెలుసు, తెలియాలి కూడా. ఆయన కంపెనీ వెనక నీళ్ల క్యాన్లు మోసినవాళ్ల పేర్లు మాత్రం ఎవరూ అడగరు. ద్రాస్, కార్గిల్, బటాలిక్ వైపు పల్లెల నుంచి వచ్చిన కూలీలు మాతో పాటు మోశారు. వాళ్లకు యూనిఫాం కూడా లేదు.

సరే, ప్యాకెట్ దగ్గరికి వద్దాం.

ఇందులో గొప్పంతా సంచీది. పైన పాలిస్టర్ పొర, మధ్యలో అల్యూమినియం రేకు, లోపల పాలీప్రొపిలీన్. వండిన పదార్థం నింపి, అంటించి, సుమారు 121 డిగ్రీల దగ్గర ఒత్తిడిలో ఉడికిస్తారు. లోపల క్రిమి అన్నది మిగలదు, అందుకే ఫ్రిజ్ లేకుండా ఏడాది నిలవ ఉంటుంది. మన దేశంలో ఈ పద్ధతి మీద సైన్యం కోసం పట్టుబట్టి పనిచేసింది మైసూరులోని డీఎఫ్ఆర్ఎల్, 1961లో పెట్టిన రక్షణ శాఖ ఆహార పరిశోధనాలయం. ఆ తర్వాతే అక్కడి విద్య కంపెనీలకు అందింది. ఇప్పుడు సూపర్ మార్కెట్ అరలో మీరు చూసే రెడీ టు ఈట్ పప్పులూ కూరలూ చాలావరకు ఆ చుట్టరికమే. మా సర్వీసులో డబ్బా తిండి ఎక్కువ, దాని బరువు దానిదే, తిన్నాక ఖాళీ డబ్బా బరువు కూడా మనదే. సంచీ వచ్చాక మోసేవాడికి ప్రాణం లేచొచ్చింది.

హీటర్ సంచీ సున్నం రకం. నీళ్లు పోస్తే బుసబుసమని ఉడుకుతుంది, ఇంటికి వెల్ల వేయడానికి రాతి సున్నం తడిపిన వాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. మా డాబా మీద పన్నెండు నిమిషాల్లో ఉప్మా చెయ్యి కాలేంత వేడెక్కింది. మంట లేదు, వెలుగు లేదు. ఆవిరి వస్తుంది గానీ పొగ కాదు. కార్గిల్‌లో ఇది చేతికొచ్చుంటే అనిపించింది. కాకపోతే కంభం ఎండలో వేడెక్కడం ఏం గొప్ప? మైనస్ చలిలో ఇంత పనిచేయదు, పైగా దీనికి గ్లాసుడు నీళ్లు వేరే కావాలి. వాడే సూచనలు ఇంగ్లీషు, హిందీలో చీమ తలకాయంత అక్షరాలు, మా ఆవిడ కళ్లజోడు తెచ్చుకున్నా చదవలేకపోయింది. తెలుగులో నాలుగు ముక్కలు వేస్తే వీళ్ల సొమ్మేం పోతుంది?

విప్పడం ఇంకో బాధ. చించడానికి పెట్టిన గాటు గోరంత. ఒట్టి చేతులతోనే రెండుసార్లు జారింది, ఉన్ని గ్లౌజులు వేసుకున్న చేతులకు అసాధ్యం. అన్నట్టు, లోపలి సంచీ తళతళలాడే వెండి రంగు. పైన అలాంటిది వెన్నెల్లో తీస్తే పక్క కొండకు సిగ్నల్ ఇచ్చినట్టే, సైన్యానికిచ్చేవి ఆకుపచ్చగా ఉండేది అందుకే. కేదార్‌నాథ్‌లో మనమీద ఎవరు గుండు వేస్తారని అల్లుడు నవ్వాడు. నిజమే, అయినా అర మార్కు కోశాను.

ఇక రుచులు. ఉప్మా బాగుంది. ఆవాలు కాస్త గట్టిగా తగిలాయి, ఉప్పు ఎక్కువని మా ఆవిడ కంప్లయింట్. చలిలో నడిచేవాడికి ఆ ఉప్పు సరిపోతుందని నా వాదన. రాజ్మా మెత్తగా ఉడికింది, చపాతీతో కాకుండా వేడి అన్నంలో కలుపుకుంటే ఇంకా బాగుంది. ఆలూ మటర్ పర్లేదు. కిచిడీ జ్వరం వచ్చినవాళ్లకు. చపాతీలు మందంగా, ఒకరకమైన పుల్లటి వాసనతో ఉన్నాయి, పెనం మీద ఒక్క నిమిషం వేస్తే ఆ వాసన పోయింది, కానీ పెనం ఉన్నవాడికి ఈ పెట్టె ఎందుకు? పులావ్ మాత్రం దండగ. మెతుకు మెతుకు అతుక్కుపోయి, ఏలకుల వాసన తప్ప ఇంకేం లేదు. ఫొటోలో జీడిపప్పు, సంచీలో క్యారెట్ ముక్క.

సూజీ హల్వాకు మాత్రం పదికి పది. దీని గురించి కాస్త చెప్పాలి. ఎత్తుకు వెళ్లేకొద్దీ ఆకలి చచ్చిపోతుంది. ఒళ్లు రెండింతలు కష్టపడుతుంది, నోరు మాత్రం ఏదీ వద్దంటుంది. అప్పుడు కూడా లోపలికి దిగేది తీపి, నెయ్యి. సియాచిన్‌లో నేను పైపోస్టుల దాకా వెళ్లలేదు, బేస్ క్యాంప్ స్టోరులో ఉన్నాను, అదే పన్నెండు వేల అడుగులు. పై నుంచి దిగివచ్చిన కుర్రాళ్లు బరువు తగ్గి, బుగ్గలు లోపలికి పోయి వచ్చేవాళ్లు. డ్రైఫ్రూట్స్, చాక్లెట్ డబ్బాలకు లోటు లేకుండా పంపినా సగం తిరిగొచ్చేవి. హల్వా తిరిగొచ్చిందని ఎప్పుడూ వినలేదు.

1984 ఏప్రిల్ 13న ఆపరేషన్ మేఘదూత్‌తో మనవాళ్లు ఆ హిమనదం ఎక్కారు. అప్పట్నుంచి అక్కడికి తిండి చేర్చడం ఆగలేదు. ఇరవై వేల అడుగుల పైన గాలి పలచన, చీతా హెలికాప్టర్‌కు అక్కడ రెక్క పట్టు దొరకదు, కాసిని కిలోలకు మించి మోయలేదు. ఇంజన్ ఆపకుండానే సామాను దించి, క్షణాల్లో లేవాలి. పైనుంచి జారవిడిచిన మూట మంచు పగుళ్ల పక్కన పడితే, తాళ్లు కట్టుకుని వెళ్లి తెచ్చుకోవాల్సింది పోస్టులో ఉన్న కుర్రాళ్లే. నుబ్రా లోయ నుంచి వచ్చిన లద్దాఖీ పోర్టర్లు ఆ పగుళ్ల మధ్యే కిరోసిన్, రేషన్ మోస్తారు. 2019లో ఒక వీడియో తిరిగింది, మీరూ చూసే ఉంటారు, గుడ్డును, జ్యూస్ డబ్బాను జవాన్లు సుత్తితో కొడుతుంటారు. జనం నవ్వుకుని ఫార్వర్డ్ చేశారు. నాకు మాత్రం ఆ గుడ్డు అంత ఎత్తుకు పగలకుండా ఎలా చేరిందనేదే ఆలోచన. బేస్ క్యాంప్‌లో ప్యాకింగ్ చేసేటప్పుడు మాకు అదే టెన్షన్ మరి.

ఈ పెట్టె వాళ్ల ప్యాకింగ్ సంగతి అడిగితే, పది ప్యాకెట్లలో ఒకటి అంచు దగ్గర ఉబ్బి ఉంది. ఉబ్బిన సంచీ విప్పకుండా పారేయండి, ఎంత ఖరీదైనా సరే, రేకు సంచీలో తిండి చెడితే కంటికి కనబడదు. ఫోన్ చేస్తే డబ్బులు వాపసు ఇచ్చారు, పెద్దగా వాదించలేదు. అది వాళ్ల మంచితనం ఖాతాలో వేశాను. డెలివరీ కుర్రాడు పెట్టెను గేటు మీంచి విసిరేసి పోయాడు, ఉబ్బడానికి అదే కారణం కావచ్చు.

మొత్తం మీద మోసినవాడి లెక్కలో పదికి ఆరున్నర. తిండిగా మాత్రమే చూస్తే ఐదున్నర. చార్‌ధామ్, అమర్‌నాథ్, కైలాస యాత్రలకు వెళ్లే పెద్దవాళ్లకు, పిల్లలతో రైల్లో దూరం వెళ్లేవాళ్లకు పనికొస్తుంది. కాంబో పెట్టె కొనొద్దు, విడివిడిగా దొరుకుతాయి: మనిషికి ఉప్మా రెండు, రాజ్మా ఒకటి, హల్వా ఎన్నైనా. పులావ్ వద్దు. తయారీ తేదీ చూడండి, మాకు వచ్చినవాటిలో రెండు అప్పటికే ఏడు నెలల పాతవి. గోళ్లు కత్తిరించుకునే చిన్న కత్తెర ఒకటి చెక్ఇన్ బ్యాగులో పడేసుకోండి. హీటర్ సంచీలను విమానంలో రానివ్వకపోవచ్చు, టికెట్ తీసుకునేటప్పుడే అడగండి. ఖాళీ సంచీలు కొండ మీద పారేయకుండా కిందికి తెచ్చుకోండి, పైకి నిండుగా మోసినవి కిందికి ఖాళీగా మోయడానికి ఏం నొప్పి?

మిగిలిన రెండు పులావ్ ప్యాకెట్లు పక్క వీధిలో ఉండే రిటైర్డ్ సుబేదార్ సాబ్‌కు ఇచ్చాను. ఒకటి తిని, రెండోది వాపసు పంపారు. హల్వా ఉందా అని అడిగి రమ్మన్నారట వాళ్ల మనవణ్ణి. లేదని చెప్పించాను, బీరువాలో ఒకటి ఉంది.